క్షితిజ గీసిన అంచు

చుక్క దొరికింది. కింద సముద్రం అంచే దొరకలేదు.

సెకండ్ ఆఫీసర్ యశోధర సెక్స్‌టెంట్ కంటికి ఆనించుకుని పళ్లు కొరుక్కుంది. ఒక్కో చుక్కకీ సముద్రం అంచుకీ మధ్య కోణం కొలిస్తే పటం మీద ఒక్కో గీత వస్తుంది; ఆ గీతలు కలిసే చోటే ఓడ ఉన్నట్టు. చుక్క కనపడాలంటే చీకటి కావాలి, అంచు కనపడాలంటే వెలుతురు కావాలి. రెండూ కలిసుండేది ఈ కాస్త మునిమాపు వేళే. సౌరతుఫానుకి ఉపగ్రహాలన్నీ మాడిపోయాక నడిసముద్రంలో ఓడలకి మిగిలిన దిక్కు ఇదొక్కటే. వారం నుంచీ ఆ వేళని కూడా మసక మింగేస్తోంది.

"ఇంకా ఆ ఇత్తడి ముక్కతో కుస్తీ ఏంటమ్మా?" డాక్టర్ భార్గవ నవ్వాడు. ఆయన కనిపెట్టిన 'క్షితిజ' కెమెరా మసకలోనూ అంచు గీసి చూపిస్తుంది. "చూడు, మూడు చుక్కల గీతలూ ఒకే బిందువులో కలిశాయి. రోజూ ఇంతే!"

"అదే నా భయం సార్. ఊగే ఓడ మీంచి ఎవరు కొలిచినా గీతలు చిన్న త్రిభుజమైనా చేస్తాయి. మీకు ఒక్కనాడూ చేయలేదేం? కనపడని అంచుని మీ యంత్రం ఎక్కణ్ణుంచి తెస్తోంది?"

"ఓడ ఉన్న చోటుని బట్టి లెక్కగడుతుంది."

"ఆ చోటు దానికి ఎవరు చెప్పారు?"

"మనమే. మన అంచనానే దానికిస్తాం..." ఆయన గబుక్కున యంత్రం వైపు తిరిగాడు.

"అంటే మనం తానా అంటే అది తందానా అంటోంది! నిన్న మసక విడిన కాసేపట్లో నేను కొలిచి, తూర్పుకి కొట్టుకుపోయాం, ముందు పగడపు దిబ్బలున్నాయంటే, చెయ్యి వణికి ఉంటుందన్నారు."

కెప్టెన్ పడాల్ విసుక్కున్నాడు. "నీ త్రిభుజంలో మనం ఏ మూలనున్నామో నీకే తెలీదు, అమ్మాయ్. అది బిందువు చూపిస్తోంది. ముందుకే పోనీ."

గంట తిరక్కుండానే పగడాలు ఓడ అడుగుని చీల్చేశాయి. ప్రాణరక్షక పడవలు కట్టిన వైపే ఓడ ముందు నీళ్లలోకి ఒరిగింది. యశోధర రేడియోలో తను లెక్కగట్టిన చోటు అరిచి చెప్పింది.

"మీ ఓడ నుంచి క్షితిజ తనంతట తానే పంపిన చోటుకీ మీరు చెప్పేదానికీ పొంతన లేదు మేడమ్," అంది ఒడ్డు నుంచి రక్షణ కేంద్రం గొంతు. "హెలికాప్టర్ క్షితిజ చెప్పిన చోటుకే బయల్దేరింది."

భార్గవ మైక్ లాక్కున్నాడు. నీళ్లు ఆయన నడుము దాకా వచ్చాయి. "నేను భార్గవని! దాన్ని చేసింది నేనే. అది తప్పు చెబుతోందయ్యా!"

రేడియో గరగరల మధ్య ఆ గొంతు మెత్తబడింది.

"భయంలో ఏదో అంటున్నారు సార్. మీ యంత్రం ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదు. ధైర్యంగా ఉండండి, దాన్ని నమ్మండి."