రాతివంతెన మీది మూడుకాళ్ళ దెయ్యం

అనంతపురంలో రైలుస్టేషనుకు పోయే దోవలో, వంక మీద దొరల కాలంనాటి రాతివంతెన ఒకటుండేది. పగటిపూట ఊర్లో దానంత ముచ్చటైన చోటు లేదు. తాంబూలాలు మార్చుకున్న జంటలు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఆడికి పోయి, కమానుల పైన నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు.

పొద్దు మునిగిందా — కుక్క కూడా ఆ పక్కకు పోదు.

తల లేదంట. కాళ్ళు మూడంట. నడుమ ఒకే ఒక్క కన్నంట. ఆ కన్ను ఎవరి మీద పడితే వాళ్ళ మీద పిడుగు పడినట్టు వెలుగు... ఆ తర్వాత పొగ. అంతే.

చూసినవాళ్ళు చెప్పంగా విన్నవాళ్ళు చెప్పిన మాట ఇది. బెల్లం అంగడి తిప్పన్న మాత్రం నవ్వేవాడు.

"మూడు కాళ్ళుంటే ముక్కాలిపీట అంటారప్పా, దెయ్యమనరు!"

ఈ తిప్పన్నకు చెల్లెలు అక్కమ్మ. ఆమె మొగుడు పోయినప్పటి నుంచి ఆమెనూ, ఆమె కూతురు ఆదిలక్ష్మినీ తన ఇంట్లోనే పెట్టుకుని సాకినాడు. పిల్లను బెళుగుప్ప సంబంధానికి ఇస్తానని మాట ఇచ్చినాడు. పిల్లేమో సోమందేపల్లె జయరాముణ్ణి తప్ప ఎవరినీ చేసుకోనని పట్టుబట్టింది. జయరాముడు బస్సు కండక్టరు.

"వానికి జీతం తక్కువ, మీసం ఎక్కువ" అని తిప్పన్న తీసిపారేసినాడు.

అక్కమ్మకు లోలోపల పిల్లోడు నచ్చినాడు. కానీ ఆమెది ఒకటే మాట — "మా అన్న దీవించంది పెండ్లి గాదు. ఆయన చెయ్యి నెత్తిన పడకుండా తాళి కట్టించుకుంటే, నా బిడ్డయినా సరే, ఈ గడప తొక్కకూడదు."

అది యాభై ఏడో సంవత్సరం. ఒక శనివారం దీపాలు పెట్టే వేళకు ఆదిలక్ష్మి ఇంట్లో లేదు. పెట్టెలో పట్టుచీరా లేదు.

"స్టేషనుకే పోయింటారు అన్నా..." అక్కమ్మ గడపకు అడ్డం వచ్చి నిలబడింది. "నువ్వు మాత్రం ఆ వంతెన మీద పోవద్దు!"

"సుట్టు తిరిగి పోతే రైలెళ్ళిపోతుందిమే!"

పోయినాడు.

అరవెన్నెల. వంకలో చుక్క నీళ్ళు లేవు, ఇసుక తెల్లగా పండుకుని ఉంది. నడుస్తాంటే తన చెప్పుల చప్పుడే ఎవరో వెనక వస్తాన్నట్టు వినిపిస్తాంది. నిలబడితే అదీ నిలబడుతుంది. తిప్పన్న చెప్పులు ఆడనే విడిచిపెట్టినాడు.

వంతెన నడుమ... ఇద్దరు.

వీపులు ఇటు తిప్పి, భుజం భుజం ఆనించి నిలబడినారు. కదలరు. మాట్లాడరు. ఊపిరైనా తీసుకుంటున్నారో లేదో...

జడ నిండా కనకాంబరాలు. పొద్దున తనే మార్కెట్టు నుంచి తెచ్చిచ్చిన పూలు!

'దొరికినావే దొంగా' అనుకున్నాడు తిప్పన్న. మునివేళ్ళ మీద నడిచినాడు. నాలుగడుగులు. మూడు. రెండు. కుడిచేత్తో పిల్ల జడ, ఎడమచేత్తో వాని చొక్కా పట్టుకుందామని రెండు చేతులూ పైకెత్తినాడు —

"కదలొద్దు..."

నేల లోపల్నుంచి వచ్చినట్టు ఒక గొంతు.

తిప్పన్న వాళ్ళ తలల మీదుగా అవతలికి చూసినాడు. కాళ్ళు... ఒకటి, రెండు... మూడు. పైన నల్లటి ఆకారం. తల లేదు. నడుమ ఒక కన్ను, వెన్నెలకు తళుక్కుమని...

"ఆంజనేయా—!"

భగ్గుమనింది. లోకమంతా తెల్లగా అయింది. తర్వాత పొగ.

తిప్పన్న ఇంటికి ఎట్ల వచ్చినాడో ఆ స్వామికే ఎరుక.

"అది మన పిల్ల గాదు! పిల్ల రూపు ఎత్తింది!" — ఇదే మాట. ఆయన భార్య బయమ్మ నొసట విభూతి రాసి, మూడు దినాలు గంజి తాపింది. అక్కమ్మ దేవునిగూడు ముందు నుంచి లేవలేదు. సంగతి చెవిన పడి బెళుగుప్పవాళ్ళు మనిషిని పంపినారు — గాలి సోకిన ఇంటి పిల్ల మాకొద్దని.

పదోనాడు ఫోటోల యేసన్న వచ్చినాడు. యాడనో తాంబూలాల ఫోటో తీసి, అట్లనే వచ్చినట్టున్నాడు. భుజం మీది స్టాండు వసారాలో నిలబెట్టినాడు, పైన కెమెరా పెట్టెను బిగించినాడు, దుమ్ము పడకుండా నల్లగుడ్డ కప్పినాడు. గుడ్డ ముందర కొంచెం తొలగి, అద్దం తళుక్కుమనింది.

మంచం మీద తిప్పన్న లెక్కబెట్టినాడు. ఒకటి... రెండు... మూడు.

"యేసన్నా..." గుసగుసగా అడిగినాడు. "ఆ రాత్రి... నువ్వేనా?"

"నేనే కదప్పా." యేసన్న కూడా గొంతు తగ్గించినాడు. "లేచిపోయే జంటలు పగలు దిగుతారా ఫోటోలు? రాత్రిపూట వెలుగుకు మందుపొడి ముట్టిస్తే సరి. దెయ్యం భయానికి ఎవరూ రారు, మాకదే చాలు."

తిప్పన్న నోరు తెరిచేలోపల, యేసన్న తెచ్చిన కవరు అక్కమ్మ చేతికి పోయింది.

"పిల్లలిద్దరూ సోమందేపల్లెలో సల్లంగా ఉండారమ్మా. ఇది మీకిమ్మన్నారు."

ఫోటోలో దండలతో ఆదిలక్ష్మి, జయరాముడు. వాళ్ళ వెనక, ఇద్దరి నడుమ, తిప్పన్న! కుడిచెయ్యి పిల్ల తల మీద, ఎడమచెయ్యి పిల్లోని తల మీద. ఇంతింత కండ్లు, తెరిచిన నోరు — ఆనందం పట్టలేక మంత్రం చదువుతాన్నట్టే ఉన్నాడు.

అక్కమ్మ ఫోటోను కండ్ల దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత ఏడుస్తా నవ్వింది.

"ఏమన్నా! పెండ్లికి పోయి, దీవించి వచ్చి, దెయ్యం దెయ్యమని నన్ను పది దినాలు ఏడిపిస్తివే! బెళుగుప్పోళ్ళను తప్పించేకే కదా ఇదంతా?"

"ఇంత నాటకం యాడ నేర్చినావయ్యా?" అని బయమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

తిప్పన్నకు దోవలు రెండే. కెమెరా పెట్టెను చూసి పరుగెత్తినానని ఒప్పుకోవాల, లేదంటే... యేసన్న వైపు చూసినాడు. యేసన్న అటు తిరిగి కెమెరా తుడుస్తాండాడు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాండాయి.

అక్కమ్మ ఫోటోను మళ్ళీ కండ్ల దగ్గర పెట్టుకుంది. "అయినా అన్నా... పిల్లోన్ని ఎడమచేత్తో దీవిస్తారా ఎవరన్నా?"

తిప్పన్న గొంతు సవరించుకున్నాడు.

"రైలుకు టైమైపాయ, ఏం చేసేది మే? పిలిపించు వాళ్ళను. ఈసారి ఒకరి తర్వాత ఒకరికి, కుడిచేత్తోనే దీవిస్తా."