జూమ్ వద్దు, నడిచి రండి

"ఏవండీ హెన్రీ గారూ, ఇందులో నేనెక్కడున్నానో కాస్త చూపిస్తారా?"

ఏలూరులో హెన్రీ పనిచేసే కలర్ ల్యాబ్ కౌంటర్ మీద ఒక ఫోటో వచ్చి పడింది. నిన్న తను తీసిందే. కొల్లేటి గట్టు, నీళ్ళలో గూడబాతులు, వాటి ముందు నీలం చీర. ముఖం ఉండాల్సిన చోట మాత్రం అలికేసిన ముగ్గులా ఏదో ఉంది.

"అదిగోండి, ఆ నీలం చీర..."

"చీరకి కాదండీ పెళ్ళి, నాకు!"

కోపమొస్తే ప్రీతి ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేస్తుంది. అది చూడ్డానికి హెన్రీ ఎన్ని తిట్లయినా తింటాడు. ఆ సంగతి మనకి తెలుసు, ఆమెకి తెలియదు పాపం.

ప్రీతి దెందులూరులో టీచరు. ఆమె నాన్న రాజరత్నం గారు హెడ్మాస్టరుగా రిటైరై, ఎన్నాళ్ళ సరదానో తీర్చుకుందామని డిజిటల్ కెమెరా కొన్నారు. అది వాడటం నేర్పమని హెన్రీని పట్టుకున్నారు. అప్పట్నుంచి ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళ వరండాలో క్లాసు.

"ఎండ మన వీపు మీద పడాలండి మాస్టారూ. మోచేతులు ఒంటికి ఆనించండి, చెయ్యి వణకదు. బటన్ సగమే నొక్కి ఆగండి. ఆకుపచ్చ చుక్క వెలిగాక మిగతా సగం. డిజిటల్ జూమ్ మాత్రం ముట్టుకోకండి, బొమ్మ పాడైపోతుంది. దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్ళాలి."

చెప్పేది మాస్టారికి, చూసేది టీ వచ్చే గుమ్మం వైపు. "పాఠం నాన్నకా, మా గుమ్మానికా?" అని ప్రీతి ఒకసారి అడిగేసింది కూడా. ఆ రోజు హెన్రీ టీలో చక్కెర వేశారో లేదో అతనికి తెలియలేదు.

అంతా హాయిగా సాగుతుండగా తాడేపల్లిగూడెం నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి ఫోటో పంపమన్నారు.

"స్టూడియోలో అయితే బిగుసుకుపోతుంది. కొల్లేరు దగ్గర మీరే తీయాలి గురువుగారూ" అన్నారు రాజరత్నం గారు. పాఠాలు మొదలైనప్పట్నుంచీ ఆయన హెన్రీని సరదాగా అలాగే పిలుస్తారు. కాదనడానికి హెన్రీకి నోరు రాలేదు. తీసిన ఫోటో ఇదిగో, కౌంటర్ మీద ఉంది.

"సాయంత్రం మళ్ళీ తీయండి. రేపు గూడెం పంపాలట" అని ప్రీతి వెళ్ళిపోయింది.

సాయంత్రం కొల్లేటి మీద చినుకులు పడి వెలిశాయి. నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రాజరత్నం గారు తన కెమెరాతో పిట్టల వెంట పడ్డారు. ప్రీతి గట్టు మీద నిలబడింది. హెన్రీ నిన్నటిలాగే అంత దూరం వెళ్ళి కెమెరా ఎత్తాడు.

"మళ్ళీ అక్కడే ఆగిపోయారేం?"

"ఇక్కణ్ణుంచి వస్తుందండీ, జూమ్ చేస్తే..."

"జూమ్ ముట్టుకోవద్దని నాన్నకి చెప్పింది ఎవరండీ? దగ్గరగా కావాలంటే ఏం చెయ్యాలి?"

"నడిచి వెళ్ళాలండి."

"మరి నడవండి."

హెన్రీ నడిచాడు. అడుగు వేసినకొద్దీ తెరలోంచి గూడబాతులు తప్పుకున్నాయి, కొల్లేరు తప్పుకుంది. చివరికి రెండు కళ్ళు, నుదుటి మీద ఒక చినుకు మిగిలాయి. సగం నొక్కాడు. ఆకుపచ్చ చుక్క వెలిగింది. మిగతా సగం మాత్రం నొక్కలేదు.

"నొక్కరేం?"

"నొక్కితే ఇది గూడెం వెళ్ళిపోతుందండి."

"వెళ్తే?"

హెన్రీ కెమెరా దించేశాడు. "వెళ్ళొద్దండి. ఫోటో సంగతి కాదు, మీరు. మీరంటే నాకు చాలా ఇష్టమండి. మొదటి ఆదివారం టీ ఇచ్చారే, అప్పట్నుంచీ."

కనుబొమ్మ లేవలేదు. ప్రీతి చూపు మెల్లగా నీళ్ళ మీదికి పోయి, మళ్ళీ అతని దగ్గరికే వచ్చింది.

"నిన్న మీరు నడిచి వస్తారనే అంతసేపు నవ్వుతూ నిలబడ్డానండీ. బుగ్గలు నొప్పెట్టాయి."

హెన్రీ ఏదో అనబోయాడు. అంతలో వెనక నుంచి దగ్గు వినబడింది.

"పిట్ట ఫోకస్ అవడం లేదు గురువుగారూ, అడుగుదామని వచ్చాను" అన్నారు రాజరత్నం గారు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో!

"మాస్టారూ, నేను..."

ఆయన హెన్రీని చూడలేదు, కూతుర్ని చూశారు. "ఏమ్మా, నీకూ ఇష్టమేనా?"

"ఊఁ" అంది ప్రీతి. గాలికి కూడా వినబడనంత మెల్లగా, నాన్నకి వినబడేంత గట్టిగా.

రాజరత్నం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గూడెం వాళ్ళకి నేను చెప్పుకుంటాను. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో, నా వల్ల కాదు" అని కెమెరా ఎత్తారు. "ఎండ నా వీపు మీదే ఉంది. ఇద్దరూ అక్కడ నిలబడండి."

నిలబడ్డారు. సిగ్గుతో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర.

"ఇద్దరూ పట్టడం లేదే!"

"మీరు కొంచెం వెనక్కి వెళ్ళండి మాస్టారూ, పడతాం."

"నేనెందుకు వెళ్ళాలండీ? దగ్గరగా కావాలంటే నడవాలని చెప్పింది తమరే కదా!"

హెన్రీ ఒక అడుగు వేశాడు. మిగిలిన అడుగు ప్రీతి వేసింది.