సాక్సులో గడియారం

"మకోఖా, నాలుగింటికి గేటు దగ్గరికి కారొస్తుంది. ఆ ఫిల్ము కారెక్కిందంటే పదకొండు మంది సాక్షులు రేపటి సూర్యుణ్ణి చూడరు." చెవిలోని బుల్లి రేడియోలో కర్నల్ ముతురి గొంతు. "దొంగ ఎవరో తేలిందా?"

"లేదు సార్."

"పొద్దున వంటావిడన్నావుగా!"

"తప్పుగా అన్నాను సార్."

ఏజెంట్ మకోఖా సిగ్గుతో కాలర్ సర్దుకున్నాడు. పాస్టర్ కాలర్ అది. నైరోబీ నడిబొడ్డున, మటాటూ బస్సుల హారన్ల మధ్య, నూరేళ్లనాటి ఎబెనెజరు విడిదిలో ఉజ్జీవ కూటాలు జరుగుతున్నాయి. వచ్చిన భక్తుల్లోనే పక్కదేశపు యుద్ధ నేరాల సాక్షులను దాచారు. వాళ్ల అసలు పేర్ల జాబితాను విడిది ఆఫీసులో ఎవరో ఫిల్ము తీశారు. మకోఖా మారువేషమైతే వేశాడు. మారుమనసే ఇంకా రాలేదు.

పొద్దున ఆఫీసులోకి వెళ్తూ కనిపించింది టీ తెచ్చిన రాయెలమ్మ ఒక్కతే. ఆవిడ సంచీ వెతకడానికి సాకు కావాలి కదా! "నా గడియారం పోయింది!" అని అరిచి, అందరి ముందూ సంచీ బోర్లించాడు. నాలుగు చపాతీలు పడ్డాయి. "చపాతీలు దాచినావిడ గడియారం దాచదా?" అంటూ, ముప్పై ఏళ్లుగా వండిపెట్టిన మనిషిని మేనేజరు ఆ క్షణమే పనిలోంచి పొమ్మన్నాడు. మకోఖా సాక్సులో గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది. మకోఖా మాత్రం కిక్కురుమనలేదు.

మూడూ యాభై. హాల్లో ఒప్పుకోళ్లు. ఇక్కడ పాపం ఒప్పుకుంటే కొలతలతో సహా ఒప్పుకోవాలి. ఓ ముసలాయన లేచి, "డెబ్భై తొమ్మిదిలో పక్కింటి మేకను అమ్ముకున్నాను. గోధుమరంగుది. కుంటిది," అన్నాడు. అందరూ పాడుతూ వెళ్లి కావలించుకున్నారు.

తర్వాత సిస్టర్ డెల్ఫినా లేచింది. ఆవిడ లేవగానే హాలంతా నిటారుగా కూర్చుంది, అంత అందం. "నేను ఘోరపాపిని. ప్రభువు మన్నించాడు," అని కూర్చుంది.

"ఏం పాపమటే? టోకున చెప్పేసిందేంటి!" వెనక ఓ పెద్దావిడ గొణిగింది.

మకోఖా ఉలిక్కిపడ్డాడు. ఈవిడ ఈ కూటాల మనిషి కాదు! పెదవులకు రంగు లేదు, గుప్పిట్లో మాత్రం ఫిల్ము చుట్ట పట్టేంత లిప్‌స్టిక్ ఉంది.

మూడూ యాభై ఏడు. డెల్ఫినా తలుపువైపు కదిలింది. తుపాకీ తీస్తే తొక్కిసలాట. కానీ ఒకరు ఒప్పుకుంటుండగా ఇక్కడ ఎవరూ అడుగు కదపరు. కదిపితే అందరి కళ్లూ వాళ్లమీదే.

మకోఖా లేచాడు. "రాయెలమ్మ నా గడియారం తీయలేదు." సాక్సులోంచి లాగి చూపించాడు. "ఇక్కడే ఉంది. ఆవిడ ఉద్యోగం పోతుంటే నిలబడి చూశాను." నటిద్దామనే లేచాడు. మధ్యలో నటించడం మరిచిపోయాడు.

మూట పట్టుకుని గడపలో నిలబడ్డ రాయెలమ్మ ముక్కు మూసుకుంది. "సాక్సులోనా! అది నేనెందుకు ముట్టుకుంటాను నాయనా? క్షమించాను పో."

హాలు నవ్వింది, పాడింది, మకోఖా మీదికి వరదలా వచ్చింది. ఆ వరదలో డెల్ఫినా కూడా కొట్టుకొచ్చింది. కావలించుకోక తప్పలేదు.

"బాగా నటించావు," చెవిలో బుసకొట్టింది.

"నువ్వే సరిగ్గా నటించలేదక్కా," అన్నాడు మకోఖా. లిప్‌స్టిక్ అప్పటికే అతని జేబులో ఉంది.

బయట కారు హారన్ మోగింది. డెల్ఫినా ఉత్తచేతులతో పరుగెత్తి ఎక్కింది. అప్పటికే లోపల కూర్చున్నది కర్నల్ మనుషులు.

మేనేజరు తల దించుకుని రాయెలమ్మ మూట అందుకుని వంటింట్లోకి మోసుకెళ్లాడు. మకోఖా ఆవిడ ముఖం చూడలేకపోయాడు.

"శభాష్! ఏం నటనయ్యా!" అన్నాడు కర్నల్.

"నటన కాదు సార్."

రేడియోలో కర్నల్ గొంతు సవరించుకున్నాడు. తర్వాత సన్నగా: "మకోఖా... నీ ప్రమోషన్ ఫైలు తొక్కిపెట్టింది నేనే. మార్చిలో. మంగళవారం. భోజనమయ్యాక."