ఇతిశ్రీ వాటా

దిబ్యలోచన్, ఇతిశ్రీ మొదటిసారి మాట్లాడుకున్నది పోట్లాడుకోవడానికే.

తొమ్మిదో తరగతిలో నయాగఢ్ నుంచి పూరీకి స్కూలు బస్సు బయల్దేరింది. కిటికీ సీటు దిబ్యది. అతని పక్కన ఆ ఏడే కొత్తగా చేరిన పిల్ల కూర్చుంది.

"కిటికీ ఇస్తావా? నాకు బస్సు పడదు."

"నాకూ పడదు."

"అబద్ధం. ఎక్కినప్పటినుంచీ బరా గారెలు తింటూనే ఉన్నావు."

"పడనివాళ్ళు తినకూడదని రూలుందా?"

కొండ మలుపులు రాగానే ఆ పిల్ల ఇంకేం వాదించలేదు. వంగి, దిబ్య కొత్త బూట్ల మీద కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"అడిగినప్పుడే ఇచ్చుంటే పోయేది," అంది మూతి తుడుచుకుంటూ.

"సారీ చెప్పవా?"

"ముందు నువ్వు చెప్పు."

ఆ 'ముందు నువ్వు' పూరీ దాకా నడిచింది. సముద్రం దగ్గర నడిచింది, సింహద్వారం దగ్గర నడిచింది. గుడిలో ఆనందబజార్‌లో అందరూ నేలమీద కూర్చుని మహాప్రసాదం తింటుంటే అక్కడా నడిచింది. క్లాసు టీచరు కుముదిని దీదీకి ఓపిక చచ్చిపోయింది. ఇద్దరినీ చెయ్యి పట్టుకుని ఎదురెదురుగా కూలేసింది. మధ్యలో మట్టికుండతో అన్నం పెట్టింది.

"ఒకరికొకరు తినిపించుకోండి. ఇవాళ్టినుంచి మీరిద్దరూ మహాప్రసాద్. ఇంక పోట్లాడితే నా చేతిలో కాదు, ఆ జగన్నాథుడి చేతిలో తింటారు."

మహాప్రసాద్ కట్టుకోవడమంటే మాటలు కాదు. అలా ఒకరి నోట్లో ఒకరు పెట్టుకున్నవాళ్ళు చచ్చేదాకా స్నేహితులు. ఒకరి పేరు ఒకరు నోటితో పలకకూడదు, 'మహాప్రసాద్' అనే పిలుచుకోవాలి. ఇళ్ళు చుట్టరికం కలుపుకుంటాయి. మామూలుగా మగాళ్ళు మగాళ్ళతో, ఆడాళ్ళు ఆడాళ్ళతో కట్టుకుంటారు. ఆ తిక్కలో దీదీకి అది గుర్తులేదు.

మొదట్లో క్లాసంతా పడీపడీ నవ్వింది. తర్వాత అలవాటైపోయింది. రజ పండగకి ఇతిశ్రీ వాళ్ళింట్లో ఉయ్యాల కడితే ఊపడానికి దిబ్య వెళ్ళాలి. వాళ్ళమ్మ ఎండురి పిఠా చేస్తే మొదటి పళ్ళెం అతనిదే. వేరే ఏ కుర్రాడైనా ఆ గుమ్మం ముందు సైకిలాపితే వాళ్ళ నాన్న కళ్ళద్దాలు సర్దుకుని బయటికొచ్చేవాడు. దిబ్యకి మాత్రం, "లోపలికెళ్ళు బాబూ, నీ మహాప్రసాద్ లెక్కలతో కుస్తీ పడుతోంది" అని తనే దారిచ్చేవాడు.

ఇంత హాయిగా సాగుతున్న బతుక్కి పన్నెండో తరగతిలో తెగులు పట్టింది. ఒకరోజు ల్యాబ్‌లో ఇతిశ్రీ జడ ముడేసుకుంటూ, పెన్సిలు పళ్ళ మధ్య పెట్టుకుని అతనికేసి చూసింది. వందసార్లు చూసిన చూపే. ఆ రోజు మాత్రం దిబ్య చేతిలో గాజు గొట్టం పగిలింది. ఆ క్షణంనుంచి అతను ఆమెని ప్రేమిస్తూనే ఉన్నాడు, ఆ మాట చెప్పే దారి లేక చస్తూనే ఉన్నాడు.

ఇంట్లో జేజేమాని, అంటే నాయనమ్మని, తెలివిగా అడిగాననుకున్నాడు.

"జేజేమా, మహాప్రసాద్ కట్టుకున్న పిల్లని ప్రేమించొచ్చా? మా క్లాసులో ఒకడు అడిగాడు."

"తప్పురా. తోడబుట్టిన దాంతో సమానం. ఆ ఒకడికి చెంపలేసుకోమని చెప్పు."

ఆ ఒకడు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఇతిశ్రీ వాళ్ళ నాన్నకి రవుర్కెలా బదిలీ అయిందని తెలిశాక అసలు తిననేలేదు. పరీక్షలు కాగానే వాళ్ళు వెళ్ళిపోతున్నారు.

ఫేర్‌వెల్ రోజు వచ్చేసింది. జూనియర్లు హాలంతా కాగితపు తోరణాలు కట్టారు. ఫిబ్రవరిలో ఎవరూ పిలవని వాన ఒకటి వచ్చి రేకుల కప్పు మీద దరువేస్తోంది. అమ్మాయిలందరూ చీరల్లో వచ్చారు. ఇతిశ్రీ ఆకుపచ్చ సంబల్‌పురి చీరలో, కుచ్చిళ్ళు ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో పట్టుకుని గుమ్మంలోకి దూకింది.

"ఎలా ఉన్నాను మహాప్రసాద్?"

"తడిసిపోయావు."

"చీర సంగతి అడిగాను."

"అదీ తడిసింది."

"ఇంత అందంగా మాట్లాడడం ఎక్కడ నేర్చుకున్నావు? నీకంటే రెండు నెలలు పెద్దదాన్ని, నాకింకా రాలేదు."

పద్దెనిమిది నిండిన కుర్రాడు చెవులదాకా ఎర్రబడి కుర్చీలు సర్దడానికి పోయాడు. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అతనికి తెలుసు. చెబితే పాపమనీ తెలుసు.

మైకు టుకునా చేతిలో పడింది. వాడు దిబ్యకి ప్రాణస్నేహితుడు, నోరు మూతపడని జీవి. తొమ్మిదినుంచి పన్నెండుదాకా ఒక్కొక్కటే తవ్వడం మొదలెట్టాడు. ప్రార్థనలో నిద్రపోయి లెక్కల సారు మీద ఒరిగినవాళ్ళు, గణేశ్ పూజకి బూందీ లడ్లు మాయం చేసినవాళ్ళు, తుపానుకి సెలవిస్తారని ఆశపడి గొడుగులతో గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు. హాలు నవ్వుతోంది, కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఇప్పుడు పూరీ బస్సు," అన్నాడు టుకునా. "బూట్లు పోగొట్టుకుని మహాప్రసాద్‌ని సంపాదించిన మహానుభావుడు స్టేజీ మీదికి రావాలి. రెండో మహాప్రసాద్ కూడా."

ఈలల మధ్య ఇద్దరినీ పైకి నెట్టారు. కుముదిని దీదీ కూడా లేచింది. పరీక్షలు రాయబోయే పిల్లలకని ఆమె పూరీ నుంచి నిర్మాల్యం తెప్పించింది. ఎండబెట్టిన మహాప్రసాదం మెతుకులు, ఆకులో పొట్లం కట్టి ఉన్నాయి.

"అప్పుడు చిన్నపిల్లలు, కసిరి కూర్చోబెట్టాను," అంది ఆప్యాయంగా. "ఇవాళ పెద్దవాళ్ళయ్యారు. విడిపోయే ముందు మనస్ఫూర్తిగా ఇంకోసారి తినిపించుకోండి. ముందు నువ్వు పెట్టు దిబ్యా."

దిబ్య పొట్లంకేసి చూశాడు. మెతుకులు ఆమె నోట్లో పెడితే ఇంతమంది ఎదుట, తెలిసి తెలిసి, ఆమెని తోబుట్టువుగా ఒప్పుకున్నట్టే. పెట్టనంటే మహాప్రసాదాన్ని కాదన్నట్టు. ఆ పని అతని వంశంలో ఎవరూ చెయ్యలేదు. చిటికెడు మెతుకులు వేళ్ళతో తీశాడు. సగం దూరం ఎత్తి ఆగాడు.

"పెట్టు, పెట్టు," అని హాలు అరుస్తోంది.

ఇతిశ్రీ అతని వేళ్ళకేసి చూసింది, మొహంలోకి చూసింది.

"ఒక్క నిమిషం దీదీ," అంది మైకందుకుని. "ఇంకోసారి అంటున్నారు. అసలు మొదటిసారి ఎక్కడ జరిగింది? ఆ రోజు నేను ఇతనికి ముద్ద పెట్టాను. ఇతని వంతొచ్చింది. నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఇతను ముద్ద కలిపి, పైకెత్తి, తన నోట్లో పెట్టుకున్నాడు. కుండ ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. నా వాటా నాకు రానేలేదు."

హాలు గొల్లుమంది. టుకునా ఇంకో మైకు తెచ్చి దిబ్య మూతి దగ్గర పెట్టాడు.

"నిజమేనారా? రెండు వాటాలూ తిన్నావా?"

దిబ్య ఎంత తవ్వుకున్నా ఆ రోజు తన ఆకలి తప్ప ఇంకేం గుర్తురాలేదు. "బరాలు అప్పటికే అరిగిపోయాయి," అన్నాడు నిజాయితీగా.

"సరే, ఇప్పుడైనా పెట్టు," అంది దీదీ నవ్వాపుకుంటూ.

ఇతిశ్రీ మైకు కింద పెట్టింది. అతని చేతిని దాటి, దీదీ పట్టుకున్న ఆకులోంచి తన చేత్తోనే నాలుగు మెతుకులు తీసుకుంది. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. చెయ్యి తలకి రాసుకుంది.

"పుచ్చుకున్నాను దీదీ," అంది మెల్లగా.

దీదీ ఆమెకేసి చూసింది. తర్వాత చిటికెడు మెతుకులతో కొయ్యబారి నిలబడ్డ కుర్రాడికేసి చూసింది. ఎన్నో బ్యాచీల్ని సాగనంపిన మనిషి, ఆమెకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"చేతిలో పట్టుకుని నిలబడకూడదయ్యా," అంది. "నీది నువ్వు తిను."

దిబ్య తిన్నాడు. మొదట అమ్మాయిల వరసలో గుసగుస లేచింది, తర్వాత వెనక బెంచీలకి అర్థమైంది. ఆ తర్వాత ఈలల గోలలో రేకుల మీద వాన వినపడితే ఒట్టు.

అతను మెట్లు దిగి నేరుగా వరండాలోకి పరిగెత్తాడు.

"దిబ్యలోచన్."

ఎవర్నో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగాడు. ఇతిశ్రీ చీర కొంగు నడుముకి దోపుకుని నిలబడి ఉంది.

"నీ వాటా రాలేదని, ముడి పడలేదని ఇన్నాళ్ళూ తెలిసి, ఒక్కసారైనా చెప్పలేదేం?" అన్నాడు దిబ్య.

"చెబితే మా నాన్న నిన్ను గుమ్మం ఎక్కనిచ్చేవాడా? మహాప్రసాద్‌వి కాబట్టే ఉయ్యాల ఊపావు, పిఠాలు మింగావు. చెప్పేసి వాటిని పోగొట్టుకోవాలా?"

"మా జేజేమా తప్పంటే నేను ఎంత ఏడ్చానో తెలుసా?"

"ఏడుపు చూడలేదు. మొన్న ఫిజిక్స్ టెస్టులో సున్నా తెచ్చుకున్నప్పుడే అనుకున్నాను, ఇతనికీ తెగులు పట్టిందని."

"ఇతనికీ అంటే?"

ఇతిశ్రీ కొంగు అంచు మెలిపెట్టింది. "నువ్వు గాజు గొట్టం పగలగొట్టావు. నేను గొడవ చెయ్యకుండా జడేసుకున్నాను. అంతే తేడా."

దిబ్యకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వరండా స్తంభాన్ని పట్టుకుని ఆగాడు.

"కానీ విను," అంది ఆమె. "ఇవాళ్టితో చుట్టరికం పోయింది. సాయంత్రానికి మా ఇంట్లో తెలిసిపోతుంది, టుకునా ఊరుకోడు. ఇంక పళ్ళెం పెట్టి ఎవరూ పిలవరు. పరీక్షలు రాయి, కాలేజీలో చేరు. ధైర్యముంటే రవుర్కెలా వచ్చి మా తలుపు కొట్టు. మా నాన్న కళ్ళద్దాలు సర్దుకుని ఎవరు నువ్వు అంటే ఏమంటావు?"

"మహా..."

ఆమె కళ్ళెర్రజేసింది.

దిబ్య నిటారుగా నిలబడ్డాడు. "దిబ్యలోచన్ అంటాను. ఇతిశ్రీ కోసం వచ్చానంటాను."

ఆ పేరు అతని నోటివెంట రావడం అదే మొదలు. దేనికైనా ఠక్కున జవాబిచ్చే పిల్ల మొహం అటు తిప్పుకుంది. వానకేసి చూస్తూ నిలబడిపోయింది. లోపల టుకునా మైకులో ఇద్దరినీ పిలుస్తున్నాడు. ఎవరూ కదల్లేదు.

"ఇంకోసారి అను," అంది ఇతిశ్రీ.