కదలని పెద్ద ముల్లు

"సార్, అది ఆగిపోయిన వాచీ!"

తహసీన్ గొంతు గ్రౌండంతా వినిపించింది. పరుగు పందెం ప్రాక్టీసుకి గీత మీద నిలబడ్డ పిల్లలందరూ తల తిప్పారు.

డ్రిల్లు సారు చేతిలో ఉన్నది నాగవేణి తెచ్చిన వాచీ. మామూలుది కాదు. డయల్ మీద జపాన్ బొమ్మల కథలోని కత్తి పట్టిన అమ్మాయి, ఆమె చుట్టూ మూడు చిన్న చక్రాలు, పక్కన రెండు బటన్లు. నాగవేణి బాబాయి ఓడలో పనిచేస్తాడు. అక్కడి జపాన్ ఇంజనీరు ఆయనకి కానుకగా ఇచ్చాడట. పందెం టైము చూడ్డానికి పనికొస్తుందని బాబాయిని బతిమాలి తెచ్చింది.

"పెద్ద ముల్లు చూడండి సార్, పన్నెండు దగ్గరే పడుంది. ఆ సెకండ్ల ముల్లు కదలకపోతే వాచీ పోయినట్టే. పైగా డూప్లికేటు. తిరనాళ్ళలో అమ్ముతారు ఇలాంటివి."

తహసీన్ నాన్న వలికి రేపల్లె బస్టాండ్ దగ్గర వాచీల రిపేరు షాపుంది. ఇక ఆమె మాటకి ఎదురు చెప్పేదెవరు? సారు వాచీ తిరిగిచ్చేసి విజిల్ ఊదారు.

"మీ బాబాయి ఓడెక్కాడా, తిరనాళ్ళకెళ్ళాడా?" బాబి అరిచాడు. అందరూ నవ్వారు. తహసీన్ అందరికంటే గట్టిగా నవ్వింది.

నాగవేణి వాచీని రుమాల్లో చుట్టుకుంది.

సాయంత్రం తహసీన్ షాపులో హోంవర్క్ చేసుకుంటోంది. కౌంటరు అవతల రుమాలు విప్పుతున్న చేతులు కనిపించాయి. తలెత్తి చూస్తే నాగవేణి!

"మామయ్యగారూ, ఇది బాగవుద్దాండీ? డూప్లికేటంటన్నారండి. మా బాబాయి అబద్ధాలు చెప్పడండి."

వలి కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. వాచీని అటూ ఇటూ తిప్పాడు. నిటారుగా కూర్చున్నాడు.

"దీనికేం రోగం తల్లీ? ఇది క్రోనోగ్రాఫ్. స్టాప్ వాచీ కూడా ఇందులోనే ఉంది. మామూలు సెకండ్లు ఈ చిన్న చక్రంలో తిరుగుతున్నాయి, చూడు. పెద్ద ముల్లు మనం నొక్కేదాకా పన్నెండు దగ్గరే ఉంటది."

పై బటన్ నొక్కాడు. పెద్ద ముల్లు పరుగందుకుంది.

"వెనక నంబరు చూశావా? మొత్తం మూడు వేలే చేశారు. ఇది నాలుగు వందల పన్నెండోది. ముప్పయ్యేళ్ళలో ఇట్టాంటిది నా చేతికి రాలేదు. ఇంతకీ పోయిందని ఏ తెలివిగలాడు చెప్పాడు?"

తహసీన్ పెన్ను ఆగిపోయింది. చెవులు వేడెక్కాయి. నాగవేణి చూపు ఒక్కసారి ఆమె వైపు వచ్చి, వెంటనే నేల మీదికి దిగింది.

"ఎవరో అన్నారండి."

తిట్టినా బాగుండేది. తహసీన్‌కి బల్ల కింద దూరిపోవాలనిపించింది.

"నేనే అబ్బా," అంది నాన్నతో. "బళ్ళో... అందరి ముందూ."

వలి భూతద్దం తీశాడు. "చేత్తో పట్టుకుని చూశావా?"

"లేదు."

"నేనెప్పుడన్నా భూతద్దం పెట్టకుండా చెప్పానా?"

తహసీన్ తల అడ్డంగా ఊపింది.

మర్నాడు గ్రౌండులో తహసీన్ గీత దాటి నాగవేణి పక్కకొచ్చింది.

"సార్, నిన్న నేను చెప్పింది తప్పు. ఆ వాచీ మంచిదే. నాగవేణి బాబాయి చెప్పిందే నిజం. నాకు తెలియకపోయినా తెలిసినట్టు చెప్పాను."

"ఏంటి, వాచీల డాక్టరమ్మకి ఇవాళ సెలవా?" బాబి అందుకున్నాడు. నవ్వులే నవ్వులు. మొహం మండిపోతున్నా తహసీన్ కదల్లేదు. ఆ నవ్వులన్నీ అయిపోయేదాకా తను నాగవేణి పక్కనే నిలబడింది.

ఇంటర్వెల్లో వాళ్ళ క్లాసు చంద్రకళ పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి చాపింది. "ఏయ్, నా కొత్త వాచీ ఒరిజినలేనా?"

తహసీన్ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది.

"నాకు తెలీదు," అంది. "మా నాన్నని అడిగి చెప్తా."