రోజాకిచ్చిన ల్యాంపు

ఇల్లందు దాటాక అడవి మొదలయ్యే చోట ఒక బొగ్గు గని ఉంది. అందులో సారంగపాణికి ల్యాంపు రూములో ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా చేసే పని ఒకటే. గనిలోకి దిగే మనిషి కిటికీ దగ్గరికొచ్చి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తాడు. సారంగపాణి దాన్ని బోర్డు మీద కొక్కేనికి తగిలించి, నిండా చార్జి చేసిన టోపీ ల్యాంపు చేతికిస్తాడు. షిఫ్టు అయ్యాక ల్యాంపు తిరిగిచ్చి, బిళ్ళ తీసుకుని ఇంటికి పోతాడు. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అలాంటప్పుడు సారంగపాణి అన్నం కూడా ముట్టడు. "బొగ్గు తవ్వేది మేము, బెంగ నీకా అన్నా?" అని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు.

ఆయనకు ఒక్కతే కూతురు, రోజారాణి. భద్రాచలంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. పిల్ల మహా గడుసుది గానీ, చీకటంటే మాత్రం చచ్చేంత భయం. పదో తరగతి పాసైనప్పుడు ఖమ్మం తీసుకుపోయి ఒక బుల్లి లాప్‌టాప్ కొనిచ్చాడు. "పేరుకే లాప్‌టాపు సార్, లోపలున్నదంతా ఫోనే" అన్నాడు షాపతను. నిజమే. పక్కన సిమ్ము పెట్టే సందు, లోపల ఫోన్లో ఉండే యాప్‌లే. మూత వేసినా లోపల మేలుకునే ఉండేది, మెసేజ్ వస్తే మోగేది. రోజా దాన్ని సగం తెరిచి తలగడ పక్కన పెట్టుకుని, ఆ వెలుగులో నిద్రపోయేది.

"ఇది నా టోపీ ల్యాంపు నాన్నా" అనేది. చార్జింగ్ పెట్టడం మాత్రం రోజూ మరిచేది. చివరికి ఉపాయం కూడా తనే కనిపెట్టింది. "దీన్ని నీ ఫోనుకు కలిపిన. ఎంత చార్జింగ్ ఉన్నదో నీకు కనబడుతది. తగ్గినప్పుడల్లా ఫోన్ చేసి తిట్టు. ల్యాంపు రూము నాన్న ఉండి ఏం లాభం మరి?"

అప్పటి నుంచి ఆయన ఫోను మీద ఒక చిన్న వరుస ఉండేది. రోజా, ఇంత శాతం అని.

ఈ వానాకాలం ఆ పిల్లకు జ్వరం వచ్చింది. నాలుగో రోజు ఖమ్మం తీసుకుపోతుంటే దారిలోనే, తండ్రి ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. పదిహేడేళ్ళ పిల్ల. ఆ మాట రాయడానికి కూడా చేయి రావడం లేదు.

పెళ్ళికాని పిల్ల గనుక అడవి అంచున, వాగు ఒడ్డున పూడ్చారు. గుంట దగ్గర సారంగపాణి సంచిలోంచి లాప్‌టాప్ తీశాడు. నిండా చార్జి చేసి తెచ్చాడు. సగం తెరిచి, తెర వెలుగుతుండగానే, బిడ్డ చేతి పక్కన పెట్టాడు. తర్వాత జేబులోంచి 317 నంబరున్న ఒక పాత ఇత్తడి బిళ్ళ తీసి, ఆమె అరచేతికి ఆనించి, తిరిగి తన జేబులో వేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ చేతి అలవాటు. ల్యాంపు రూము మనిషి తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది.

గుంటలో నిలబడ్డ పగిడయ్య అది చూశాడు. ఆయనా ల్యాంపు రూములోనే పని చేస్తాడు.

"లైట్ ఎందుకన్నా?"

"కిందికి దిగేటోళ్ళకు లైట్ ఇయ్యకుండ ఎట్ల పంపుతనే?"

"సరే. మరి బిళ్ళ ఎందుకు తీసుకున్నవ్?" పగిడయ్య గొంతు తగ్గించాడు. "బిళ్ళ తీసుకున్నమంటే... మళ్ళ పైకి రమ్మన్నట్టే గద అన్నా."

సారంగపాణి చేయిచ్చి పగిడయ్యను పైకి లాగాడు. మట్టి వేయడం మొదలైంది.

మూడో రోజు పనిలోకి వెళ్ళాడు. ఎవరూ చూడకుండా ఆ 317 నంబరు బిళ్ళను బోర్డు చివరి కొక్కేనికి తగిలించి, అలవాటుగా ఫోను చూసుకున్నాడు. రోజా, 81 శాతం.

ఆ బుల్లి దానికి చార్జింగ్ ఒక్క రోజుకు మించి నిలవదు. మట్టి కింద సిగ్నలూ అందదు. ఫోను చెడిపోయిందనుకున్నాడు. మర్నాడు 70. ఆ మర్నాడు 62. నిజానికి ఆయన భయపడాలి. కానీ ఆ అంకె చూస్తుంటే బిడ్డ హాస్టల్లోనే ఉన్నట్టు ప్రాణం కుదుటపడేది. భార్య శోభారాణికి చెప్పలేదు. ఆమె రోజా గది గడప మీద కూర్చుని మెతుకు ముట్టడం లేదు, మాట మాట్లాడటం లేదు.

పగిడయ్యకు చూపిస్తే ఆయన చేతులు పట్టుకున్నాడు. "ఆ బిళ్ళ వాగు కాడ పెట్టి రా అన్నా. పిల్లను పోనియ్."

"లైట్ ఆరనియ్, అప్పుడు జూద్దాం" అన్నాడు సారంగపాణి. బిళ్ళ ఇస్తే బిడ్డ తనది కాకుండా పోతుంది. ఆ ఒక్కటీ ఆయన వల్ల కాలేదు.

పదకొండో రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయింది. మొదటి షిఫ్టు పైకొచ్చి, బిళ్ళలు తీసుకుని వెళ్ళిపోయింది. నీళ్ళు ఎక్కువయ్యాయని రెండో షిఫ్టు ఆపేశారు. బోర్డంతా ఖాళీ. చివరి కొక్కేనికి 317 ఒక్కటే వేలాడుతోంది. గదిలో వేడెక్కిన వైర్ల వాసన, తడిసిన బొగ్గు వాసన. చార్జింగులో ఉన్న ల్యాంపుల మీద చిన్న చిన్న ఎర్ర దీపాలు.

కరెంటు పోయింది.

ఎర్ర దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. చేతిలో ఫోను మాత్రం వెలుగుతోంది. రోజా, 2 శాతం. ఆయన కళ్ళార్పలేదు. 1 శాతం...

ఆ వరుస మాయమైంది.

బయట వాన చప్పుడు. దాని మధ్యలో ఇంకో చప్పుడు... తడి సిమెంటు మీద ఉత్త పాదాలు. మెల్లగా వస్తున్నాయి. కిటికీ దగ్గర ఆగాయి. పసుపు వాసన వచ్చింది. దాని వెనకే అప్పుడే తవ్విన మట్టి వాసన.

కిటికీ చెక్క మీద ఏదో పెట్టిన చప్పుడు. టక్...

సారంగపాణి ఫోను వెలుగు అటు తిప్పాడు. బుల్లి లాప్‌టాప్. సిమ్ము సందు నిండా ఎర్రమట్టి. కిటికీ అవతల నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు.

"నాన్నా..."

ఆయన కిటికీ దగ్గరికి జరిగాడు.

"ఆరిపోయింది నాన్నా... చీకటి..."

"బిడ్డా!" ఆయన కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "జరసేపు ఆగు. కరెంటు రానియ్. చార్జి పెట్టిస్త..."

అవతల చిన్నగా ఏడుపు. చిన్నప్పుడు కరెంటు పోతే ఏడ్చినట్టే. ఆ ఏడుపు విన్నాక ఆయనకు తెలిసొచ్చింది. తను ల్యాంపు ఇస్తూ ఉన్నన్నాళ్ళూ పిల్ల ఆ గుంటలోకి దిగుతూనే ఉండాలి. తన బెంగ కోసం పసిదాన్ని పదకొండు రోజులు చీకట్లో కూర్చోబెట్టాడు. వెళ్ళి కొక్కెం మీది బిళ్ళ తీసి, కిటికీ చెక్క మీద పెట్టాడు.

"షిఫ్టు అయిపోయింది బిడ్డా. ఇగ పో. చీకటి లేని కాడికి పో."

చల్లటి వేళ్ళు ఆయన వేళ్ళకు తగిలాయి. బిళ్ళ లేదు. పాదాల చప్పుడు వానలో కలిసిపోయింది.

ఆయన చాలాసేపు అక్కడే కూలబడి ఏడ్చాడు. తర్వాత లాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని బండి తీశాడు. సగం దారిలో, అడవి మలుపు దగ్గర, చేతులు వాటంతటవే బ్రేకు వేశాయి. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల బిళ్ళలు తిరిగిచ్చాడు! బిళ్ళ తీసుకున్న మనిషి ఎటు పోతుంది?

ఇంటికే పోతుంది.

క్వార్టర్లన్నీ చీకట్లో ఉన్నాయి. రోజా గది కిటికీలో మాత్రం నీలంగా వెలుగు. సంచి తడిమి చూసుకున్నాడు. లాప్‌టాప్ లోపలే ఉంది, చల్లగా.

శోభారాణి గడప మీదే కూర్చుని ఉంది. ముందు ఎంగిలి కంచం. పదకొండు రోజుల తర్వాత ఆమె అన్నం తిన్నది. మొహంలో నవ్వు.

"గట్టిగ మాట్లాడకు" అంది గుసగుసగా. "ఇప్పుడే పండుకున్నది."

"శోభా..."

"కింద ఒక్కదానికే భయమైతుందట. నేను తోడొస్తనన్న." ఆమె మూసిన తలుపు వైపు ప్రేమగా చూసింది. "రేపటికి రెండు ల్యాంపులు చార్జి పెట్టమని నాన్నకు చెప్పమన్నది."

ఆమె పిడికిలి విప్పింది. అరచేతిలో తడిమట్టి, రెండు ఇత్తడి బిళ్ళలు. ఒకటి 317. రెండోదాని మీద ఇంకా నంబరు కొట్టలేదు.