నిప్పు లేని వెలుగు

కుంతలగిరి రాజ్యంలో ఎవరికీ మనసు కుదురుగా లేదు. తన కొండను తవ్వారన్న కోపంతో తమోదంష్ట్రుడనే రాక్షసుడు నలభైమంది గని కూలీలను గుహలో పెట్టి, ద్వారానికి బండ అడ్డం వేసి శపించాడు.

"సూర్యచంద్రులదీ, నిప్పుదీ, మెరుపుదీ కాని వెలుగు సోకితేనే ఈ బండ కదులుతుంది. ఏడోనాటి సాయంత్రంలోగా కదలకపోతే లోపలివాళ్ళు రాళ్ళవుతారు!"

దివిటీలతో వెళ్ళిన సైనికులు తలలు వంచుకుని తిరిగివచ్చారు.

గనిలో పనిముట్లు సానపట్టే కమ్మరి ఓబయ్య కూడా ఆ గుహలోనే చిక్కుకున్నాడు. అతడి కూతురు చెంగల్వకు కాలు ఒకచోట నిలవలేదు. సమ్మెట భుజాన వేసుకుని అడవిలోకి బయలుదేరింది. మూడోనాడు ఏటి ఒడ్డున ఒక ముని కనిపించాడు.

"తాతా, అలాంటి వెలుగు ఎక్కడైనా ఉందా?" అని ఆత్రంగా అడిగింది.

"ఉందమ్మా. ఆకాశంలో ఎక్కడో రెండు నల్లని గోళాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. ఆ తిరుగుడుకు మన చుట్టూ ఉన్న ఖాళీ చోటే అలలుగా సాగి ముడుచుకుంటోంది. ఆ అలలు కొండల్లోంచీ మనలోంచీ పోతూనే ఉంటాయి, కంటికి కనబడవు. కానీ గొప్ప సూదంటురాయి శక్తిలోంచి పోయేటప్పుడు ఇసుమంత వెలుగుగా మారతాయి. ఆ రాయి ఉత్తరపు కొండమీద ఉంది. వెళ్ళు, ఆలస్యం చేయకు!"

చెంగల్వ పరుగు తీసింది. కొండ ఎక్కుతుంటే సమ్మెట చేతిలోంచి జారి రాయివైపు ఎగిరిపోబోయింది. ఆమె దాన్ని లోయలోకి విసిరేసి పైకెక్కింది. రాయిని చుట్టుకున్న మహాసర్పం బుసకొట్టింది.

"కమ్మరిపిల్లా! ఈ రాయిని కొలిమిలో కాలిస్తే బలం పెరుగుతుందా?"

"పెరగదు, ఉన్నదీ పోతుంది. మా అయ్య చెప్పాడు. దాన్ని నిప్పుకు దూరంగా ఉంచుతాను, ఇవ్వు!"

సర్పం చుట్ట విప్పింది.

ఏడోనాడు పొద్దు వాలుతుండగా ఆమె రాయిని మోసుకొచ్చి, గుహ ద్వారాన ఉన్న బండకు ఆనించి నిలబడింది. ఏమీ కాలేదు.

"వెలుగేదే పిల్లా?" అని రాక్షసుడు విరగబడి నవ్వాడు.

పారిపోదామనిపించింది. చేతులు లాగేస్తున్నాయి. అయినా ఆమె కదలలేదు. అంతలో పైన ఎక్కడో ఆ రెండు గోళాలూ ఒక్కటయ్యాయి. పుట్టిన పెద్ద అల భూమిని దాటిపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. రాయికీ బండకీ మధ్య మాత్రం ఆవగింజంత వెలుగు మెరిసింది.

బండ దొర్లింది. శాపంతోపాటు తమోదంష్ట్రుడు పొగలా చెదిరిపోయాడు. కూలీలతోపాటు ఓబయ్య తడుముకుంటూ బయటికి వచ్చాడు.

"ఎంతసేపు నిలబడ్డావే తల్లీ?"

"ఏమో అయ్యా... ఆకలేస్తోంది," అని ఆమె ఏడ్చేసింది.

రాజు ఉత్తరపు కొండసీమను చెంగల్వ ఏలుబడికి ఇచ్చాడు. ఆమె ఏలినంతకాలం ఆ సీమలో ఒక్క కూలీ కూడా చీకట్లో చిక్కుకోలేదు.